‘సత్యం’ లెక్కలు కూలీలు ఎందుకు చదవాలి?

కంపెనీల జమాఖర్చులు మనకెందుకు, కూలి రేటు అడగడం, బంజరు భూమి అడగడం మన పని గదా అని సంఘం కార్యకర్తలు కొందరు అంటూంటారు. నాటు వేసే మనిషికి షేరు మార్కెట్టుతో ఏం సంబంధం అని అడిగేవాళ్ళూ ఉన్నారు.

సంబంధం ఉంది. మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, రాయదుర్గం, కోకాపేట... ఇవాళ హైటెక్ సిటీ, సైబరాబాద్ అని పిలిచే ఈ నేలంతా ఒకప్పుడు పల్లెలే. జొన్న చేలు, మేకలు మేసే గుట్టలు, చెరువు కింద నాలుగు మళ్ళు. 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజపేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్ భవనాన్ని ప్రారంభించారు. ఆ తర్వాత చుట్టుపక్కల భూమి కంపెనీల దారి పట్టింది. 2023 ఆగస్టులో కోకాపేటలో సర్కారు వేలం వేస్తే ఒక ఎకరం రు. 100 కోట్ల 75 లక్షలు పలికింది. రోజుకు అయిదు వందల కూలి, ఏడాదికి మూడు వందల పని దినాలు అనుకుని లెక్క వెయ్యండి. ఆ ఒక్క ఎకరం ధర సంపాదించడానికి ఒక కూలి మనిషి ఆరు వేల ఏడు వందల ఏళ్ళు పని చెయ్యాలి!

ఏ కంపెనీకి భూమి ఇవ్వాలి, ఎంత ఇవ్వాలి, ఏ ధరకివ్వాలి అని పాలకులు నిర్ణయించేటప్పుడు ముందర పెట్టుకునేది ఆ కంపెనీ చూపించిన లెక్కల కాగితం. ‘ఇంత వ్యాపారం, ఇంత లాభం, ఇంతమందికి ఉద్యోగం’ అని అందులో ఉంటుంది. మరి ఆ కాగితమే అబద్ధమైతే? ఇదేదో ఊహించి అడుగుతున్న ప్రశ్న కాదు. ఇదే హైదరాబాదులో, ఇదే హైటెక్ సిటీ గొప్పకు నిలువెత్తు సాక్ష్యంగా చూపించిన కంపెనీలో జరిగిన సంగతి. దాని పేరు సత్యం కంప్యూటర్ సర్వీసెస్.

జరిగిన కథ

సత్యం కంపెనీని 1987లో బి. రామలింగరాజు హైదరాబాదులో పెట్టాడు. ఆయన తండ్రి ద్రాక్ష తోటల రైతు. ఇరవై మందికి మించని సిబ్బందితో మొదలైన కంపెనీ 1992లో షేర్లు జనానికి అమ్మింది. 2001లో అమెరికాలోని న్యూయార్క్ షేరు మార్కెట్టులో చేరింది. 2008 నాటికి 66 దేశాల్లో పని చేస్తున్నామని, యాభై మూడు వేల మంది ఉద్యోగులున్నారని చెప్పుకుంది. అదే ఏడాది సెప్టెంబరులో కంపెనీని సక్రమంగా నడిపినందుకుగాను ‘గోల్డెన్ పీకాక్’ అనే అంతర్జాతీయ బహుమతి కూడా దానికి దక్కింది. ముఖ్యమంత్రులు వేదికల మీద పక్కన కూచోబెట్టుకున్నారు. ఆంధ్ర యువకుల తెలివికి ఇదే నిదర్శనమన్నారు.

నాలుగు నెలలు తిరగలేదు. 2009 జనవరి 7న రామలింగరాజు తన డైరెక్టర్లకు ఒక ఉత్తరం రాశాడు. కంపెనీ లెక్కలు ఏళ్ళ తరబడి తప్పుడువని తనే ఒప్పుకున్నాడు. పులి మీద సవారీ లాగా అయింది, దిగితే తింటుంది, ఎలా దిగాలో తెలియలేదు అని వాపోయాడు. ఆ ఒక్కరోజే షేరు ధర రు. 179 దగ్గర నుంచి నలభై రూపాయలకు పడిపోయింది. రెండు రోజుల్లో అరెస్టయి చంచల్‌గూడ జైలుకు పోయాడు.

ఇంతవరకూ అందరికీ తెలిసిందే. పత్రికలు దీన్ని ఒక పెద్దమనిషి పతనం లాగా, ఒక నాటకం లాగా రాశాయి. మనం చూడవలసింది అది కాదు. ఆ ఉత్తరంలో ఉన్న అంకెలు చూడాలి. ఈ అంకెలు చదవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఇది రాస్తున్నవాడు బడికి పోయింది కొద్ది కాలమే. ఆస్తి అప్పుల పట్టీ చదవడం సంఘం పనిలో పడి నేర్చుకున్నదే. అంగడి పద్దు చూసి బాకీ ఎంతో తేల్చుకోగలిగిన మనిషి ఎవరైనా దీన్ని చదవగలరు.

మూడు కాగితాలు

ఏ పెద్ద కంపెనీ అయినా ఏటా మూడు ముఖ్యమైన కాగితాలు చూపించాలి. మొదటిది లాభనష్టాల పట్టీ: ఎంత అమ్మాం, ఎంత ఖర్చయింది, ఎంత మిగిలింది. రెండోది ఆస్తి అప్పుల పట్టీ: ఫలానా తేదీన మా దగ్గర ఏమున్నాయి, మేం ఎవరికి ఎంత బాకీ. మూడోది నగదు పట్టీ: నిజంగా చేతికి డబ్బు ఎంత వచ్చింది, ఎంత పోయింది.

మొదటి దానికీ మూడో దానికీ తేడా ఏమిటంటే, లాభం వేరు, డబ్బు వేరు. కౌలు రైతు మిర్చి అమ్మి కమీషను కొట్టులో చీటీ తెచ్చుకుంటాడు. చీటీ మీద లాభం ఉంది. చేతిలో డబ్బు లేదు. కొట్టువాడు ఇస్తేనే ఆ చీటీ డబ్బవుతుంది. కంపెనీ లాభం కూడా అంతే. కాబట్టి లాభం చూపించిన ప్రతివాణ్ణీ అడగవలసిన మొదటి ప్రశ్న: డబ్బెక్కడ?

ఇప్పుడు సత్యం సంగతికి వద్దాం. 2008 జులై నుంచి సెప్టెంబరు దాకా మూడు నెలల లెక్క చూడండి. ఆ మూడు నెలల్లో రు. 2,700 కోట్ల వ్యాపారం చేశామని, నిర్వహణ ఖర్చులు పోగా రు. 649 కోట్లు మిగిలిందని కంపెనీ ప్రకటించింది. అంటే నూటికి ఇరవై నాలుగు. నిజానికి జరిగిన వ్యాపారం రు. 2,112 కోట్లు, మిగిలింది రు. 61 కోట్లు అని ఉత్తరంలో ఒప్పుకున్నాడు. అంటే నూటికి మూడు!

ఇక్కడ ఆగి రెండు తీసివేతలు చెయ్యండి. 2,700లో 2,112 తీసేస్తే 588. 649లో 61 తీసేస్తే అదీ 588. ఆ మూడు నెలల్లో బ్యాంకు నిల్వను దొంగగా ఎంత పెంచామని రాశాడో తెలుసా? అదీ రు. 588 కోట్లే. మూడు చోట్లా ఒకే అంకె. మొత్తం మోసం ఈ ఒక్క అంకెలో ఉంది.

మన భాషలో చెప్పుకుందాం. ఒక ధాన్యం వ్యాపారి వంద బస్తాలు అమ్మి నూట ఇరవై ఎనిమిది అమ్మానని రాసుకున్నాడనుకోండి. నిజంగా అమ్మిన వంద బస్తాలకు హమాలీ కూలి ఇచ్చాడు, లారీ కిరాయి ఇచ్చాడు, గోనె సంచి కొన్నాడు. ఇవన్నీ పోను మూడు బస్తాల ధర మిగిలింది. లేని ఇరవై ఎనిమిది బస్తాలకు హమాలీ లేడు, లారీ లేదు, గోనె లేదు. ఖర్చు లేదు గనుక ఆ ఇరవై ఎనిమిదీ అచ్చంగా లాభం కింద పడుతుంది. మూడు కాస్తా ముప్ఫయి ఒకటి అవుతుంది. చూసినవాళ్ళు ‘ఆహా, ఎంత సమర్థుడు’ అంటారు. కాని ఆ ఇరవై ఎనిమిది బస్తాల డబ్బు ఎక్కడో ఉన్నట్టు చూపించాలి గదా? ‘బ్యాంకులో ఉంది’ అని రాసుకుంటాడు. వచ్చే ఏడు ఇంకా ఎక్కువ రాసుకోవాలి. ఎందుకంటే నిరుటికంటే తక్కువ అమ్మానంటే పేరు పోతుంది. ఇట్లా లేని డబ్బు ఏటేటా పేరుకుపోతుంది.

సత్యంలో జరిగింది ఇదే. లేని బిల్లులు పుట్టించారు. 2003 నుంచి 2008 మధ్య ఆరు వేలకు పైగా దొంగ బిల్లులు తయారయ్యాయని అమెరికా షేరు మార్కెట్టు నియంత్రణ సంస్థ తేల్చింది. ఆ బిల్లుల డబ్బు వచ్చినట్టు చూపడానికి బ్యాంకు స్టేట్‌మెంట్లు దొంగవి అచ్చేశారు. డిపాజిట్లు ఉన్నట్టు దొంగ రశీదులు తయారు చేశారు. లేని డిపాజిట్ల మీద లేని వడ్డీ కూడా రాసుకున్నారు!

ఉత్తరంలో ఒప్పుకున్న మొత్తం ఇలా ఉంది. బ్యాంకులో ఉందని రాసిన రు. 5,361 కోట్లలో లేనిది రు. 5,040 కోట్లు. లేని వడ్డీ రు. 376 కోట్లు. రావలసిన బాకీల కింద ఎక్కువ చేసి రాసింది రు. 490 కోట్లు. కంపెనీకి తెచ్చిన అప్పు రు. 1,230 కోట్లు, దాన్ని పట్టీలో రాయనే లేదు. కలిపితే రు. 7,136 కోట్లు.

కాపలా కాయవలసినవాళ్ళు

కంపెనీ యజమాని అబద్ధం రాశాడు సరే, మరి చూడవలసినవాళ్ళు ఏం చేశారు? ప్రపంచంలో నాలుగు పెద్ద ఆడిట్ సంస్థల్లో ఒకటైన ప్రైస్ వాటర్‌హౌస్ పేరుతో ఏటా సంతకం పడింది. బ్యాంకులో ఇంత నిల్వ ఉందా లేదా అని తెలుసుకోవడానికి గొప్ప ఉపాయం ఏమీ అక్కర్లేదు. ఆడిటరు బ్యాంకుకు నేరుగా రాసి, బ్యాంకు నుంచి జవాబు నేరుగా తెప్పించుకోవాలి. అంతే. అటువంటి మామూలు జాగ్రత్త కూడా తీసుకోలేదని అమెరికా నియంత్రణ సంస్థలు 2011లో తేల్చి ఆ సంస్థకు జరిమానా వేశాయి.

ఈ పని మన ఊళ్ళల్లో కూలీలే చేసి చూపించారు. ఉపాధి హామీ పనుల్లో 2006 నుంచి మన రాష్ట్రంలో సామాజిక తనిఖీ జరిగింది. మస్టర్ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. ‘నువ్వు ఫలానా వారం పనికి పోయావా, నీకు డబ్బు ముట్టిందా’ అని అడిగారు. చచ్చిపోయినవాళ్ళ పేర్లు, ఊళ్ళో లేనివాళ్ళ పేర్లు బయటపడ్డాయి. గ్రామసభలో అందరి ముందూ చదివారు. రాసినవాణ్ణి అడక్కుండా, డబ్బు ముట్టిన మనిషిని అడగడమే ఆ తనిఖీలోని కిటుకు. కోట్ల ఫీజు తీసుకునే ఆడిటర్లు సత్యంలో చెయ్యని పనిని అయిదో క్లాసు చదివిన మన పిల్లలు మట్టి పనుల దగ్గర చేశారు. కాబట్టి లెక్కలు మనకు అర్థం కావు అనే మాట కట్టిపెట్టాలి.

డైరెక్టర్ల సంగతి చూడండి. హార్వర్డ్ ఆచార్యుడు, గచ్చిబౌలిలోని ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ డీన్ వంటి మహా మేధావులు ఆ బోర్డులో ఉన్నారు. వాళ్ళకూ అనుమానం రాలేదు. ఎందుకు రాలేదు? ఇదే పని చేసే పెద్ద కంపెనీలు నూటికి ఇరవై నాలుగు కంటే ఎక్కువే లాభం చూపిస్తున్నాయి. అబద్ధం కూడా పక్కవాడి కొలతకు సరిపోయేట్టే చెప్పారన్నమాట.

కాగితపు గుంతకు భూమితో పూడిక

ఇప్పుడు మన అసలు విషయానికి వస్తున్నాం. ఉత్తరం రాయడానికి మూడు వారాల ముందు, 2008 డిసెంబరు 16న, సత్యం బోర్డు ఒక తీర్మానం చేసింది. రామలింగరాజు కొడుకులు నడిపే మేటాస్ ప్రాపర్టీస్, మేటాస్ ఇన్‌ఫ్రా అనే రెండు కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొంటామన్నది. అప్పటి మారకం రేటున అది ఏడున్నర వేల కోట్ల రూపాయలకు పైమాటే. సత్యం అనే మాటను ఇంగ్లీషులో తిరగరాస్తే వచ్చేదే మేటాస్. ఒకటి భూముల వ్యాపారం చేసేది, రెండోది కట్టుబడి పనులు చేసేది. కంప్యూటరు కంపెనీకి భూముల కంపెనీ ఎందుకు అని అమెరికా షేరుదార్లు గోల పెట్టారు. అక్కడ షేరు ధర ఒక్కరోజులో సగానికి పైగా పడింది. కొన్ని గంటల్లోనే తీర్మానం వెనక్కి తీసుకున్నారు.

లెక్కలో ఉన్న గుంత రు. 7,136 కోట్లు. కొనుగోలుకు చెల్లిస్తామన్నది ఏడున్నర వేల కోట్ల పైన. రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. లేని డబ్బుతో కొడుకుల కంపెనీని కొన్నట్టు రాసుకుంటే, లెక్కల్లోంచి దొంగ డబ్బు మాయమవుతుంది, దాని చోట నిజమైన భూమి వచ్చి కూచుంటుంది. దొంగ ఆస్తుల స్థానంలో నిజమైన ఆస్తులు తేవడానికి అదే చివరి ప్రయత్నమని ఉత్తరంలో ఆయనే రాశాడు.

మరి ఆ భూమి ఎక్కడి నుంచి వచ్చింది? రాజు కుటుంబం మూడు వందల పైచిలుకు కంపెనీలు పెట్టి, వాటి పేర్ల మీద దాదాపు ఆరు వేల ఎకరాలు కొన్నదని దర్యాప్తు సంస్థలు చెప్పాయి. అన్నేసి కంపెనీలు ఎందుకు? మన రాష్ట్రంలో 1973 నాటి భూసంస్కరణల చట్టం ఉంది. మెట్ట భూమి అయితే నేల తరగతిని బట్టి 35 నుంచి 54 ఎకరాలు, తరి అయితే పరిమితి అంతకంటే తక్కువే. ఆరు వేల ఎకరాలను మూడు వందల కంపెనీలకు పంచితే ఒక్కొక్క దానికి సగటున ఇరవై ఎకరాలు పడుతుంది. అర్థమయింది గదా! 1970లలో కామందులు, దొరలు మిగులు భూమిని పాలేర్ల పేర, చుట్టాల పేర, పుట్టని బిడ్డల పేర రాసిపెట్టారు. ఆ బినామీ పద్ధతే సూటు బూటు తొడుక్కుని కంపెనీ రిజిస్ట్రారు ఆఫీసుకు పోయింది. ఆనాడు పాలేరు పేరు, ఈనాడు ప్రైవేట్ లిమిటెడ్ పేరు.

మెట్రో రైలు సంగతి కూడా ఇందులో భాగమే. 2008లో హైదరాబాదు మెట్రో టెండరులో మిగతా కంపెనీలు ‘రైలు కట్టడానికి సర్కారు మాకు డబ్బివ్వాలి’ అన్నాయి. మేటాస్ బృందం మాత్రం ‘మేమే సర్కారుకు రు. 30,311 కోట్లు ఇస్తాం’ అని టెండరు కొట్టింది. ఎవరికైనా ఆశ్చర్యం కలగాలి. రైలు టికెట్ల మీద అంత ఎలా వస్తుంది? ఢిల్లీ మెట్రో అధిపతి ఇ. శ్రీధరన్ ఆ సెప్టెంబరులోనే ప్రణాళికా సంఘానికి ఉత్తరం రాశారు. వాణిజ్యానికి వాడుకోమని ఇస్తున్న దాదాపు మూడు వందల ఎకరాల విలువైన సర్కారు భూమి సంగతి ఎత్తి చూపారు. రైలు మార్గాన్ని తమ సొంత భూముల వైపు పొడిగించుకుని లాభం చేసుకోవాలనే ఎత్తు ఇందులో ఉందని హెచ్చరించారు. పాలకులు ఆయన మాట విన్నారా? లేదు. కావలసిన పెట్టుబడి కూడగట్టలేక 2009 జులైలో ఆ ఒప్పందం రద్దయ్యేదాకా కళ్ళు తెరవలేదు.

కాబట్టి పైకి కంప్యూటరు, లోపల భూమి. సత్యం లెక్కలు భూమి దగ్గర మొదలై భూమి దగ్గరే ముగిశాయి అనడం అతిశయోక్తి కాదు.

ఎవరు మోశారు, ఎవరు తప్పించుకున్నారు

‘నేను కంపెనీ నుంచి ఒక్క రూపాయి కూడా తినలేదు’ అన్నాడు రామలింగరాజు తన ఉత్తరంలో. ఈ మాట కూడా లెక్క వేసి చూడవలసిందే. 2001లో కంపెనీలో రాజు కుటుంబం వాటా నూటికి పాతిక. 2008 నాటికి అది తొమ్మిది లోపుకు దిగింది. మధ్యలో వాటాలు అమ్ముకున్నారు. దొంగ లాభం చూపించి పెంచిన ధరకు అమ్ముకున్నారు. మిగిలినవి తాకట్టు పెట్టి అప్పులు తెచ్చారు. పెట్టెలోంచి డబ్బు తీయక్కర్లేదు, అబద్ధంతో ధర పెంచి అమ్ముకుంటే చాలు. కొన్నవాళ్ళలో చిన్న చిన్న ఉద్యోగులున్నారు, పింఛను డబ్బు పెట్టినవాళ్ళున్నారు. పేదల పాలసీల సొమ్ముతో నడిచే ఎల్ఐసీ దగ్గరా ఆ షేర్లున్నాయి.

కేంద్ర ప్రభుత్వం పాత బోర్డును రద్దు చేసి కొత్తవాళ్ళను పెట్టింది. 2009 ఏప్రిల్ 13న టెక్ మహీంద్రా షేరుకు రు. 58 చొప్పున ఇచ్చి కంపెనీని దక్కించుకుంది. 2013లో తనలో కలిపేసుకుంది. అమ్మకం తర్వాత కొద్ది వారాలకే వేల మంది ఉద్యోగులను ‘పని లేదు, కొంత జీతం తీసుకుని ఇంట్లో కూచోండి’ అని పంపించారు. అద్దాల మేడలో కూచున్నవాడికీ, అడ్డా మీద నిలబడ్డవాడికీ చివరకు అదే మాట: ఇవాళ పని లేదు పో.

అమెరికా షేరుదార్లు అక్కడి కోర్టులో సామూహికంగా దావా వేస్తే కంపెనీ పన్నెండున్నర కోట్ల డాలర్లు చెల్లించి రాజీపడింది. మన దేశపు చిన్న షేరుదారుకు అటువంటి దావా వేసే హక్కు అప్పటి చట్టంలో లేదు. 2013 కంపెనీల చట్టంలో 245వ సెక్షన్ కింద ఆ హక్కు వచ్చింది. శిక్షల సంగతంటారా? 2015 ఏప్రిల్ 9న హైదరాబాదులోని ప్రత్యేక కోర్టు రామలింగరాజుతో సహా పదిమందికి ఏడేళ్ళ శిక్ష వేసింది. వాళ్ళలో ఇద్దరు ఆడిటర్లు. నెల తిరిగేసరికి మే నెలలో పై కోర్టు శిక్ష అమలు నిలిపేసి బెయిలిచ్చింది. ఆడిట్ సంస్థ మీద సెబీ 2018 జనవరిలో వేసిన రెండేళ్ళ నిషేధాన్ని 2019లో అప్పీలు ట్రిబ్యునల్ కొట్టేసింది.

ఒక మాట న్యాయంగా చెప్పుకోవాలి. సత్యంలో అంతా అబద్ధం కాదు. ఆ మూడు నెలల్లో రు. 2,112 కోట్ల పని నిజంగా జరిగింది. రాత్రింబవళ్ళు కంప్యూటర్ల ముందు కూచుని పిల్లలు చేసిన పని అది. ఆ పని నిజం గనుకనే కంపెనీని కొనేవాడు దొరికాడు, పేరు మారినా పని సాగింది. అదే కుటుంబం 2005లో మొదలుపెట్టిన 108 అంబులెన్సు మన పల్లెల్లో ఎందరి ప్రాణాలో కాపాడింది, ఇవాళ్టికీ తిరుగుతోంది. అందులోనూ బండి తోలిన డ్రైవరు శ్రమ, వెనక కూచున్న సిబ్బంది శ్రమ నిజం. ఆ కంపెనీలో నిజమైనది శ్రమ, కల్పితమైనది లాభం. ధర్మకార్యం చేశాడు గనుక లెక్కలు అడగకూడదనడం మాత్రం చెల్లదు.

మనకూ తగిలింది

‘ఇదంతా పట్నం వాళ్ళ గొడవ’ అనుకునేవారికి అగ్రిగోల్డ్ గుర్తు చెయ్యాలి. విజయవాడ కేంద్రంగా నడిచిన ఆ కంపెనీ మన ఊళ్ళకే వచ్చింది. కూలీల దగ్గర, చిన్న రైతుల దగ్గర, బడ్డీకొట్టు వాళ్ళ దగ్గర నెలకింత అని కట్టించుకుంది. గడువు తీరాక స్థలమైనా ఇస్తాం, డబ్బయినా ఇస్తాం అంది. 32 లక్షల ఖాతాల ద్వారా రు. 6,380 కోట్లు పోగు చేసిందని కేంద్ర ఎన్‌ఫోర్స్‌మెంట్ శాఖ లెక్క తేల్చింది. 2014-15 వచ్చేసరికి చేతులెత్తేసింది. అక్కడా భూముల పటం చూపించారు, రంగుల పుస్తకం చూపించారు. ‘ఏటా వచ్చే డబ్బెంత, పాతవాళ్ళకు ఇచ్చేది దేని లాభంలోంచి?’ అని అడిగినవాడు లేడు. ఏజెంటుగా తిరిగినవాడు మన ఊరి కుర్రాడే గనుక నమ్మాం. కట్టిన డబ్బు పోయింది. ఊళ్ళో మొహం చూపలేక ఆ కుర్రాళ్ళూ నలిగిపోయారు.

అయిదు ప్రశ్నలు

అందుచేత కార్యకర్తలు ఈ అయిదు ప్రశ్నలు కంఠతా పట్టాలి. చక్కెర ఫ్యాక్టరీ కానివ్వండి, విత్తనాల కంపెనీ కానివ్వండి, మన ఊరి భూమి అడగడానికి వచ్చిన ఐటీ కంపెనీ కానివ్వండి, ఇవే ప్రశ్నలు.

ఒకటి: లాభం చూపించారు, డబ్బు వచ్చిందా? లాభం పట్టీనీ నగదు పట్టీనీ పక్కపక్కన పెట్టి నాలుగేళ్ళవి చూడండి. లాభం ఏటా పెరుగుతూ, రావలసిన బాకీలు కూడా ఏటా పెరుగుతుంటే అనుమానించండి.

రెండు: నిల్వ ఉందని ఎవరు చూసి చెప్పారు? రాసినవాడి మాట సాక్ష్యం కాదు. అంత డబ్బు మూలుగుతుంటే మళ్ళీ అప్పెందుకు తెస్తున్నారు?

మూడు: కంపెనీ డబ్బు యజమాని కొడుకుల, అల్లుళ్ళ కంపెనీలకు పోతోందా? బంధువుల కంపెనీలతో జరిపిన లావాదేవీలు వార్షిక నివేదికలో విడిగా రాయాలని నిబంధన ఉంది. నివేదిక చివరి పేజీల్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. ముందు ఆ పేజీలే చదవండి.

నాలుగు: యజమాని తన వాటా ఉంచుకున్నాడా, అమ్ముకుంటున్నాడా, తాకట్టు పెట్టాడా? తను తినని కూడు పక్కవాడికి వడ్డించేవాణ్ణి మన ఇళ్ళల్లో ఏమంటామో తెలిసిందే.

అయిదు: భూమి తీసుకునేటప్పుడు ఎన్ని ఉద్యోగాలిస్తామన్నారు, ఎన్ని ఇచ్చారు, అందులో భూమి పోగొట్టుకున్న ఊరివాళ్ళెందరు? గేటు దగ్గర కాపలా, మరుగుదొడ్లు కడిగే పని, తోటపని... ఇవి కూడా కాంట్రాక్టరు కిందే ఇచ్చి ఉద్యోగాల లెక్కలో కలిపేశారా?

ఈ కాగితాలు రహస్యమేమీ కాదు. షేరు మార్కెట్టులో ఉన్న ప్రతి కంపెనీ మూడు నెలలకోసారి లెక్కలు బయటపెట్టాలి. మిగతా కంపెనీలు రిజిస్ట్రారుకు ఇచ్చిన పట్టీలను కొద్దిపాటి రుసుము కట్టి ఎవరైనా చూడవచ్చు. సర్కారు ఇచ్చిన భూమి వివరాలు, ఒప్పందం షరతులు సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. ఊళ్ళో డిగ్రీ చదివిన పిల్లలున్నారు, ఇంగ్లీషు చదివి చెప్పమనండి. ఏది అడగాలో మనం చెప్పాలి, ఏది రాశారో వాళ్ళు చెప్పాలి.

కూలి పెంచమంటే ‘నష్టాల్లో ఉన్నాం’ అంటారు. భూమి కావాలంటే ‘లాభాల్లో ఉన్నాం’ అంటారు. ఒకే కంపెనీ ఒకే ఏడు ఈ రెండు మాటలూ అనడం మనం వింటూనే ఉన్నాం. రెండింట్లో ఏదో ఒకటి అబద్ధమై తీరాలి. ఏది అబద్ధమో తేల్చేది ఆ మూడు కాగితాలే. ఇకమీదట బేరానికి కూచునే ప్రతి సంఘం నాయకుడి సంచిలో కూలి రేట్ల కాగితంతో పాటు ఆ కంపెనీ లెక్కల కాగితం కూడా ఉండాలి. మండల స్థాయి రాజకీయ తరగతుల్లో ఒక పూట దీనికి కేటాయించాలి. మస్టర్ చదవడం నేర్చినవాళ్ళం, ఇదీ నేర్చుకుందాం.